చాటలమ్మకు చరిత్ర కావాలి

హార్స్‌లీ హిల్స్,
17 జూన్ 2024

అత్తకు వెన్నెల రాస్తున్నది.

నీ చెవులు పూర్తిగా మొండికేశాక ఫోనులో అరవడం కన్నా ఉత్తరం రాయడమే నా గొంతుకు మంచిదని అమ్మ చెప్పింది. మెసేజీలు నువ్వు చూడవు. ముప్పై ఏళ్ళు అంగన్‌వాడీ రిజిస్టర్లు రాసిన చేతికి ఆ బొత్తాలు నొక్కడం అవమానం అంటావు. సరే, కాగితమే.

నాకు ఉద్యోగం వచ్చింది. కొండ మీద కొత్తగా పెట్టిన ‘మబ్బుల మేడ’ అనే రిసార్టులో కల్చర్ కోఆర్డినేటర్‌ని. అంటే ఏమిటని అమ్మ అడిగితే, వచ్చినవాళ్ళకు మన సంస్కృతి చూపించడం అన్నాను. “మనకుండాదా?” అని అడిగింది. ఇప్పుడు నా కష్టం కూడా అదే.

ఇక్కడికి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది బెంగళూరువాళ్ళు. మొదటి రోజు పొగమంచుకు ఫొటోలు తీస్తారు. రెండో రోజు మంచు రాదు. అప్పుడు ‘లోకల్‌గా ఏముంది’ అని అడుగుతారు. మా మేనేజరు భీమరావు విశాఖ మనిషి, గోవా హోటళ్ళలో పనిచేసి వచ్చాడు. రాయలసీమ సంస్కృతి అంటే మీసం అని ఆయన నమ్మకం. వడ్డించేవాళ్ళందరికీ పెట్టుడు మీసాలు తెప్పించాడు. సాంబారు ఆవిరికి అవి ఊడి గిన్నెలో పడుతున్నాయి. ఫొటోల కోసం ఒక పుంగనూరు పొట్టి ఆవును కూడా తెచ్చి కట్టేశాడు. అది వచ్చిన వారంలోనే రెండు టోపీలు, ఒక భోజనాల జాబితా తినేసింది. ఇక సంగటి పేరు ‘రాగి బాల్స్’. లోపల చీజు పెడతారు. వంటాయన చిన్నప్పది పెద్దతిప్పసముద్రం. మొదటిసారి అందులో చీజు కూరమన్న పూట ఆయన అన్నం తినలేదు.

ఇప్పుడు భీమరావు నాకొక పని చెప్పాడు. ప్రతి శనివారం సాయంత్రం ఒక పండగ జరపాలి. అది అచ్చంగా ఈ ప్రాంతానిదే అయి ఉండాలి, ఇంకే రిసార్టులోనూ ఉండకూడదు. మూడు నెలల్లో చేసి చూపిస్తే ఉద్యోగం ఖాయం, లేకపోతే కొండ దిగాలి. నేను పుట్టి పెరిగింది మదనపల్లె బస్టాండు వెనక. నాన్నేమో మీరిద్దరూ పుట్టిన రాగిగుండ్లపల్లె ఊసే ఎత్తేవాడు కాదు. పుంగనూరు బస్సు తోలినన్నాళ్ళూ ఆ ఊరి దగ్గర ఆపి ఎంతోమందిని దింపాడు గాని, ఆయన ఒక్కసారి దిగలేదు. ఇప్పుడు అడుగుదామంటే ఆయనా లేడు. అందుకని నిన్నే అడుగుతున్నాను. మన ఊరి పండగ ఎట్లా చేసేవాళ్ళో వివరంగా రాయి. తిండి సంగతులు కూడా.

వెన్నెల


కుప్పం,
24 జూన్ 2024

వెన్నెలకు,

ఇక్కడ అందరం బాగున్నాం. బాగాలేనివి నా చెవులు, ఉష చేసే రసం. ఉష నర్సు కాబట్టి రసం కూడా మందులాగే చేస్తుంది. ఈ ఉత్తరం నా కోడలి కంట పడకుండా డబ్బాలో వెయ్యాలి.

ముందు తిండి. సంగటిలో చీజు పెట్టినవాడికి వేరే శిక్ష అక్కర్లేదు, అది తింటే చాలు. బియ్యం మెత్తగా ఉడికాక పైన రాగిపిండి కుప్పగా పోసి మూత పెట్టాలి. పిండి వాసన మారాక కట్టె పెట్టి గెలకాలి. గెలికేవాళ్ళకు చెమట పట్టకపోతే అది సంగటి కాదు, జావ. ముద్ద చేసి, మధ్యలో గుంత పెట్టి, నెయ్యి వెయ్యాలి. పక్కన ఊరిబిండి ఉండాలి. వేయించిన చెనక్కాయలు, ఎండుమిరపకాయలు, చింతపండు, తెల్లగడ్డ వేసి రోట్లో నూరితే అదే ఊరిబిండి. మీ బెంగళూరువాళ్ళకు ఒక మాట చెప్పు. సంగటిని నమలకూడదు, పులుసులో ముంచి మింగాలి. నమిలితే పళ్ళకు అంటుకొని సాయంత్రం దాకా మాట రాదు. కొందరికి చెప్పకపోయినా ఫరవాలేదు.

ఇక పండగ. మన ఊరిది చాటలమ్మ పండగ. ఆ అమ్మవారికి గుడి లేదు. కొత్త చాటకు పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టి నిలబెడితే అదే అమ్మవారు. పూజారి ఉండడు. అక్కడున్న ఆడవాళ్ళలో పెద్దామె పీట మీద కూర్చుంటుంది, ఆమె చెప్పినట్టు జరగాలి. ఆడవాళ్ళు చాటలు నెత్తిన పెట్టుకొని పలక డప్పు దెబ్బకు అడుగులు వేస్తారు. మగవాళ్ళు చీపుర్లు పట్టుకొని వెనకాలే ఊడ్చుకుంటూ రావాలి. ఆ తరవాత తిట్ల వత్తి. ఒక వత్తి వెలిగిస్తే, అది ఆరేదాకా కోడలు అత్తను ఏమైనా తిట్టవచ్చు, అత్త నోరు తెరవకూడదు. రెండో వత్తి అత్తది. చివర విస్తరాకులు కలిపి పరిచి, సంగటి ఒకే కుప్ప పోసి, అందరూ చుట్టూ కూర్చొని తినాలి. వరసలు లేవు. ఎవరూ బయట నిలబడకూడదు. అందరికన్నా ఆలస్యంగా వచ్చినవాళ్ళకు మొదటి ముద్ద.

ఇవన్నీ ఎక్కడ రాసి ఉన్నాయని ఎవరైనా అడిగితే, రాసేవాళ్ళు మన పండక్కి రాలేదని చెప్పు.

నీ అత్త,
నంజమ్మ


హార్స్‌లీ హిల్స్,
29 జూలై 2024

అత్తా,

చాటలమ్మ గెలిచింది.

మదనపల్లె సంతలో పన్నెండు చాటలు కొన్నాను. వాటికి బంగారు రంగు కొట్టిద్దామని భీమరావు అన్నాడు. పసుపు తప్ప ఇంకేదీ తగలకూడదని నీ పేరు చెప్పి ఆపాను. పలక ఎవరు కొడతారా అని వెతుకుతుంటే, చిన్నప్ప గరిటె పక్కన పెట్టి, చేతులు తుడుచుకొని వచ్చాడు. ఆయన కొట్టడం మొదలుపెడితే ఆ మనిషి ఇన్నాళ్ళూ వంటింట్లో ఎందుకున్నాడా అనిపించింది.

మొదటి శనివారం వాన, పద్నాలుగు మందే వచ్చారు. మగవాళ్ళు చీపుర్లు పట్టుకొని బుద్ధిగా ఊడ్చారు. ఒకాయన తన జీవితంలో చీపురు పట్టుకోవడం ఇదే మొదటిసారని గొప్పగా చెప్పుకున్నాడు. ఆయన భార్య ఆ ఫొటో తీసి, సాక్ష్యానికి పనికొస్తుందని దాచుకుంది.

తిట్ల వత్తి దగ్గర, అత్తగారితో వచ్చిన ఒక సాఫ్ట్‌వేర్ అమ్మాయి లేచింది. వత్తి వెలిగించగానే ‘మా అత్తగారు చాలా మంచివారు’ అని మొదలుపెట్టింది. కాసేపటికి పెళ్ళిలో అత్తగారు తనకు పెట్టింది పాత చీర అన్న సంగతి బయటికొచ్చింది. ఆ తరవాత ఏడేళ్ళ సంగతులు వరసగా వచ్చాయి. వత్తి ఆరింది గాని ఆమె ఆరలేదు. అత్తగారి వంతు వచ్చింది. చిత్తూరావిడ. కొంగు బిగించి లేస్తే, ఏమవుతుందో అని నేను నీళ్ళ బిందె దగ్గరికి జరిగాను. ఆవిడ ఒక్కటే మాట అన్నది. “అది నా పెండ్లి చీర పాపా. నాకుండే మంచి చీర అదొకటే.” అని కూర్చుంది. వత్తి ఇంకా సగం మిగిలే ఉంది. ఇద్దరూ సంగటి కుప్ప దగ్గర పక్కపక్కనే కూర్చొని ముక్కులు తుడుచుకుంటూ తిన్నారు. మర్నాడు ఒకే కారులో వెళ్ళారు.

ఇప్పుడు శనివారాలు దసరా దాకా నిండిపోయాయి. భీమరావు గేటు దగ్గర పెద్ద బోర్డు పెట్టించాడు. ‘రాగిగుండ్లపల్లె వారి చాటలమ్మ పండగ, నాలుగు వందల ఏళ్ళ సంప్రదాయం.’ నాలుగు వందలని ఎవరు చెప్పారని అడిగితే, మూడు వందలంటే తక్కువగా ఉంది, అయిదు వందలంటే నమ్మరు అన్నాడు. ఇప్పుడు పుస్తకం అచ్చు వేయిస్తాడట, చరిత్ర కావాలంటున్నాడు. ఏ రాజు కాలంలో మొదలైంది? మొదట ఎవరు జరిపారు? ఇంకొకటి, ఇది నా కోసం అడుగుతున్నాను. ఈ పండగలో నాన్న ఏం చేసేవాడు?

వెన్నెల


కుప్పం,
12 ఆగస్టు 2024

వెన్నెలకు,

బోర్డు తీయించు. అది కుదరకపోతే ఊరి పేరైనా చెరిపించు. పండగ బాగా జరుగుతుంటే ఊరి పేరుతో పనేమిటి?

రాజు ఎవరూ లేడు. అత్తాకోడళ్ళ తిట్లతో రాజుకేం పని. మీ నాన్న ఏం చేసేవాడని అడిగావు. చిన్నవాడు, నా వెంట ఉండేవాడు.

వానలు పడ్డాయి కదా, గురుగాకు బాగా వస్తుంది. లేతది కోసి పప్పులో వేయించు. చలికాలం దాకా ఉద్యోగం ఉంటే పితికిపప్పు చేయించు. అనపకాయల గింజలు నానబెట్టి ఒక్కొక్కటీ పితికి తోలు తియ్యాలి. ఆ పని భీమరావుకు అప్పజెప్పు. కూర్చున్న చోటి నుంచి కదలడు, బోర్డులు రాయించడు.

చరిత్ర మళ్ళీ అడగొద్దు. అడిగితే జవాబు ఉష చేత రాయిస్తాను. దాని దస్తూరి మందుల షాపువాడు తప్ప ఎవరూ చదవలేరు.

నంజమ్మ


హార్స్‌లీ హిల్స్,
21 అక్టోబరు 2024

నంజమ్మ గారికి,

మొన్న శనివారం దొరస్వామి అనే పెద్దాయన మనవరాళ్ళను తీసుకొని వచ్చాడు. ఒకప్పుడు రాగిగుండ్లపల్లె సర్పంచి. గేటు దగ్గర బోర్డు రెండుసార్లు చదివి, నేరుగా నా దగ్గరికి వచ్చాడు. కోపంగా లేడు, మర్యాదగానే అడిగాడు. “మాది రాగిగుండ్లపల్లేనమ్మా. అరవై అయిదేండ్లుగా ఆడే ఉండాను. ఈ పండగ నాకు తెలీకుండా యాడ జరిగినాది?”

మా అత్త చెప్పింది అన్నాను. ఏ ఇంటి నంజమ్మ అని అడిగాడు. పలకల మునెప్ప కూతురు అని చెప్పాను, గర్వంగానే చెప్పాను. ఆయన నన్ను తేరిపార చూశాడు. తరవాత నవ్వాడు. అది వెక్కిరింపు నవ్వు కాదు, అందుకే నాకు ఎక్కువ తగిలింది.

“మునెప్ప కూతురికి మా పండగ యెట్ట తెలుస్తాది పాపా? వాళ్ళు దిన్నె దాటి వచ్చేటోళ్ళు కాదే. మాది గంగమ్మ జాతర. ఈ చాటలూ చీపుర్లూ యేమీ లేవు.”

అప్పటికి చాటలు నెత్తిన పెట్టుకొని, చీపుర్లు పట్టుకొని నలభైమంది నిలబడి ఉన్నారు. వెనక భీమరావు ఉన్నాడు, అంతా విన్నాడు. ఆ సాయంత్రం పండగ ఎలా జరిపించానో నాకే తెలియదు. మర్నాడు భీమరావు పిలిచి, ఈ పండగ తమదేనని ఊరి నుంచి కాగితం తెస్తే సరి, లేకపోతే నెలాఖరుకు నా సామాను సర్దుకోవచ్చని చెప్పాడు. ‘దొంగ పండగ’ అని ఒక్కరు ఇంటర్నెట్‌లో రాస్తే చాలట, రిసార్టు మూసుకోవాలట.

మనం ఏ వాడవాళ్ళమో నాకు తెలియక కాదు. స్కాలర్‌షిప్పు ఫారం నింపిన ప్రతిసారీ తెలుసుకున్నాను. కానీ ఈ దిన్నె ఏమిటి? నాన్న ఎందుకు చెప్పలేదు? నిన్ను నమ్మి నాలుగు నెలలుగా వందలమందికి ఇది మా ఊరి పండగ అని చెప్పాను. నాకు తమాషాకి రాసి పంపావా?

జవాబు రాయదలుచుకుంటే రాయి. తిండి గురించి మాత్రం రాయకు.

వెన్నెల


కుప్పం,
26 అక్టోబరు 2024

వెన్నెలకు,

అబద్ధమే రాశాను. తమాషాకి కాదు.

నీ మొదటి ఉత్తరం వచ్చినప్పుడు నిజం రాద్దామనే కూర్చున్నాను. ‘రాగిగుండ్లపల్లె జాతర’ అని రాసి, రిజిస్టరు అలవాటు కొద్దీ కింద గీత కూడా గీశాను. ఆ తరవాత ఏం రాయాలో తెలియలేదు.

ఊరికీ మన వాడకూ మధ్య ఒక మట్టి దిన్నె ఉండేది. మనిషంత ఎత్తు కూడా లేదు. మేకలు రోజుకు పదిసార్లు ఎక్కి దిగేవి. జాతర నాడు మా నాయన పలక కొట్టేవాడు. ఆయన దెబ్బ పడందే అమ్మవారు కదలదని ఊరంతా ఒప్పుకునేది. అయినా ఆయన దిన్నెకు ఇవతలే నిలబడి కొట్టాలి. మేము ఆయన వెనక నిలబడేవాళ్ళం. ఆ గంగమ్మ ముఖం ఎలా ఉంటుందో నాకు ఈనాటికీ తెలియదు. నేను చూసింది జనం వీపులు. జాతరంతా నేను చెవులతోనే చూశాను. అందరి భోజనాలూ అయ్యాక మిగిలింది తెచ్చి దిన్నె మీద పెట్టి వెళ్ళేవాళ్ళు. వాళ్ళు వెనక్కు తిరిగాక మేము తీసుకోవాలి.

మీ నాన్నకు ఆరేళ్ళు, నాకు పదకొండు. ఆ ఏడు జాతరలో వాడు ఎర్ర బుడగ ఒకటి చూసి నా చెయ్యి విడిపించుకున్నాడు. దిన్నె దాటి పరుగెత్తాడు. దొరస్వామి నాయన అప్పుడు ఊరి పెద్ద. ఆయన వాణ్ణి కొట్టలేదు. కొట్టి ఉంటే బాగుండేది. మా నాయనను పిలిచి, “నీ కొడుకును నువ్వే కొట్టు మునెప్పా, అందరూ సూడల్ల” అన్నాడు. మా నాయన కొట్టాడు. పలక కొట్టే చేత్తోనే కొట్టాడు. చాలని ఆయన చెప్పేదాకా కొట్టాడు. అది అయ్యాక మళ్ళీ పలక అందుకొని కొట్టాడు, అమ్మవారు కదలాలి కదా. ఆ రోజు తరవాత మీ నాన్న ముద్దుకృష్ణ నోట ఆ ఊరి పేరు నేను వినలేదు.

మరుసటి ఏడు జాతరకు వాడు గుడిసెలోంచి బయటికి రాలేదు. వాణ్ణి ఊరుకోబెట్టడానికి నేనొక విరిగిన చాటకు పసుపు పూసి, ఇది మన అమ్మవారు, మన పండగ దిన్నెకు ఇవతల అని చెప్పాను. చాట నెత్తిన పెట్టుకొని నేను ముందు నడిస్తే, వాడు చీపురు పట్టుకొని వెనకాల ఊడ్చాడు. దిన్నె దగ్గర మా నాయన కొడుతున్న పలకే మాకూ పలక. వాడలో పిల్లలంతా చేరారు. అంతవరకూ నిజం. తిట్ల వత్తి మాత్రం నా సొంతం, మా అత్తను తలుచుకొని రాశాను. ఆమె బతికి ఉన్నప్పుడు ఆ వత్తి నా చేతికి దొరికి ఉంటే, కుప్పానికి కరెంటు అక్కర్లేకపోయేది.

కొండ మీదికి షికారుకు వచ్చినవాళ్ళకు చూపించడానికి పండగ కావాలన్నావు. ‘మేము నిలబడ్డాం’ అని రాసి పంపితే ఏం చూపిస్తావు? సిగ్గేసింది. ఆ సిగ్గు పడాల్సింది నేను కాదని తెలిసి కూడా, అరవై ఎనిమిదేళ్ళ వయసులో నాకే వేసింది. అందుకని ఇంకో పండగ చేసి పంపాను.

మీ భీమరావుకు నిజం చెప్పు. ఉద్యోగం పోతే కుప్పం రా, ఉష రసం ఇద్దరం పంచుకుందాం. ఊరి నుంచి కాగితం మాత్రం అడగొద్దు.

నంజమ్మ


హార్స్‌లీ హిల్స్,
11 నవంబరు 2024

అత్తా,

ఆ ‘గారికి’ వెనక్కి తీసుకుంటున్నాను.

నీ ఉత్తరం అమ్మకు చదివి వినిపించాను. అమ్మ చాలాసేపు కూరగాయలు తరుగుతూనే ఉంది. చివరికి ఒక మాట చెప్పింది. పెళ్ళైన కొత్తలో, ఎక్కడైనా పలక వినిపిస్తే నాన్న చెయ్యి తల మీదికి అడ్డం వెళ్ళేదట. యాల అని అడిగితే దోమ అనేవాడట.

నిన్ను అడగకుండా ఆ ఉత్తరాన్ని భీమరావుకు కూడా చూపించాను. కోపం వస్తే చెప్పు, వత్తి వెలిగిస్తాను. ఆయన చదివి, బల్ల మీద ఉన్న పెట్టుడు మీసాల డబ్బా మూత పెట్టి లోపల పెట్టేశాడు. తరవాత, అయితే శనివారం ఏం చేద్దాం అన్నాడు. పండగకు ముందు వచ్చినవాళ్ళందరికీ నిజం చెప్తాను, వాళ్ళు లేచి వెళ్ళిపోతే వాళ్ళ వెనకే నేనూ కొండ దిగుతాను అన్నాను. ఒక్క శనివారం చూద్దామన్నాడు.

నిన్న కాక మొన్న చెప్పాను. ఇది నాలుగు వందల ఏళ్ళది కాదు, మా అత్తకు పన్నెండేళ్ళు, మా నాన్నకు ఏడేళ్ళు ఉన్నప్పుడు వాళ్ళు కల్పించుకున్నది అని చెప్పి, ఎందుకు కల్పించుకోవలసి వచ్చిందో కూడా చెప్పాను. ఎవరూ లేచి వెళ్ళలేదు. ఒకాయన మాత్రం, పాతది కాదంటున్నారు కాబట్టి బిల్లులో ఏమైనా తగ్గిస్తారా అని అడిగాడు. ఆయన చేతికి చిన్నప్ప అందరికన్నా పెద్ద చీపురు ఇచ్చాడు. కోలారు నుంచి వచ్చిన ఒక ముసలామె నా దగ్గరికి వచ్చి, మాకూ ఒక దిన్నె ఉండేదమ్మా అని మాత్రం అని, చాట అందుకుంది.

బోర్డు మారింది. ‘చాటలమ్మ పండగ. కల్పించినవారు నంజమ్మ, ఆమె తమ్ముడు ముద్దుకృష్ణ.’ ఊరి పేరు లేదు. నా ఉద్యోగం ఉంది.

వెన్నెల


హార్స్‌లీ హిల్స్,
20 జనవరి 2025

అత్తా,

కూర్చొని చదువు. నవ్వు వస్తే నీళ్ళు తాగు.

సంక్రాంతి ముందు మదనపల్లె విలేకరి ఒకామె ఇక్కడ దిగి, పండగ చూసి వెళ్ళి పేపర్లో రాసింది. రాయొద్దన్నా ఊరి పేరు రాసింది. ఇక మొదలైంది. శనివారం పండగ చూసినవాళ్ళు ఆదివారం కార్లు వేసుకొని రాగిగుండ్లపల్లెకు వెళ్ళి, ‘ఆ దిన్నె ఎక్కడ’ అని అడుగుతున్నారట. దిన్నె ఇప్పుడు లేదు. రోడ్డు వేసినప్పుడు చదును చేశారట, అక్కడ సెల్ టవర్ ఉంది. జనం దానికే ఫొటో తీసుకొని పోతున్నారు.

మొన్న దొరస్వామి మళ్ళీ వచ్చాడు. ఈసారి మనవరాళ్ళు లేరు. టీ ఇస్తే చల్లారేదాకా ముట్టుకోలేదు. పేపర్లో వాళ్ళ నాయన పేరు లేదు గాని, ఊళ్ళో తెలియనివాళ్ళు ఎవరూ లేరు. చాటలమ్మ పండగ ఊళ్ళోనే జరపాలని పెద్దలు అనుకున్నారట, నిన్ను పిలవమని నన్ను అడగడానికి వచ్చాడు. ఇంకో సంగతి చెప్పాడు, చెప్పేటప్పుడు ఆయనకే నవ్వు వచ్చింది. పిలవాలని తీర్మానం చేసిన రోజే ఇద్దరు ముసలాళ్ళు లేచి, మా చిన్నప్పుడు చాటలమ్మను మేము చూసినాం అని ఒట్టేసి చెప్పారట. ఒకాయన తన కోడిపుంజు బలి ఇచ్చానని కూడా అన్నాడట.

మీకెందుకు ఈ పండగ అని నేను సూటిగానే అడిగాను. కార్లు వస్తాండాయి, ఊరికి పేరొస్తాది అని ముందు చెప్పాడు. చల్లారిన టీ తాగి, “మా పెద్ద మనవరాలు పేపరు సదివి, తాతా, ఆ బుడగ నాడు నువ్వు యాడుండావు అని అడిగింది. నాకు మూడేండ్లు, ఏం గురుతుంటాది. ఆ మాటే సెప్పినా. అది నమ్మలా” అన్నాడు. నేనూ లెక్క వేశాను, ఆయనకు అప్పుడు ఎనిమిదేళ్ళు.

నీ తరఫున నేను ఏమీ ఒప్పుకోలేదు. ఫిబ్రవరి 15, శనివారం. ఆ రోజు కొండ మీద అరవై మంది ఉంటారు, నాకు సెలవు దొరకదు. వెళ్తావా, వద్దా, నువ్వే తేల్చుకో.

వెన్నెల


కుప్పం,
25 జనవరి 2025

వెన్నెలకు,

కోడిపుంజును బలి ఇచ్చిన ఆయనను కలవడానికైనా వెళ్తాను.

దొరస్వామికి చెప్పు. పీట మీద నేను కూర్చుంటాను. పలక చిన్నప్ప కొడితేనే వస్తాను, ఆ ఒక్క రోజు ఆయనను పంపించు. ఉషను తోడు తీసుకొస్తాను. అది సెలవు పెట్టేసింది, తిట్ల వత్తి సంగతి దానికి తెలిసిపోయింది. పేపరు చదువుతుందని నాకేం తెలుసు.

నంజమ్మ


కుప్పం,
17 ఫిబ్రవరి 2025

వెన్నెలకు,

వెళ్ళి వచ్చాను. మోకాళ్ళు తప్ప అంతా బాగుంది.

పలమనేరు మీదుగా బస్సులో వెళ్ళాం. మీ నాన్న ఎన్నిసార్లు ఆపి ఉంటాడో, ఆ స్టాపులోనే దిగాం. దొరస్వామి కారు పంపుతానన్నాడు, వద్దన్నాను. నడిచి పోవాలనిపించింది. దిన్నె ఎక్కడ ఉండేదో నాకు తెలియలేదు. నేల సాపుగా ఉంది. ఇక్కడే అనుకున్న చోట ఒక క్షణం నా కాలు ఆగింది. ఉష నా చెయ్యి పట్టుకొని, మెట్టేదైనా ఉందా అని కళ్ళతో అడిగింది. లేదన్నాను, నడిచాం.

గంగమ్మ గుడి తాళం తీయించి చూపిస్తామన్నారు. ఒక్కదాని కోసం తలుపు తీయొద్దని చెప్పాను. జాతర నాడు వచ్చి అందరితో పాటే చూస్తాను.

గుడి ముందు ఖాళీ స్థలంలో నన్ను పీట మీద కూర్చోబెట్టారు. ఊరివాళ్ళు, మన వాడవాళ్ళు కలిపి నూటయాభై మంది దాకా ఉంటారు. మొదట రెండు గుంపులుగానే నిలబడ్డారు, అలవాటు. చాటలు పంచమని ఉషకు చెప్పాను. దానికి ఎవరు ఎవరో తెలియదు కాబట్టి అడ్డదిడ్డంగా పంచింది, గుంపులు కలిసిపోయాయి. చిన్నప్ప పలక నాకు వినపడలేదు. కానీ పీట కింద నేల అదిరింది, అరికాళ్ళకు తెలిసింది. కోడిపుంజు పెద్దాయన చీపురు పట్టుకొని అందరికన్నా ముందు ఊడ్చాడు, చిన్నప్పటి నుంచీ ఇదే పని అన్నట్టు.

తిట్ల వత్తి వెలిగించగానే ఉష లేచింది. చేతులు తిప్పింది, వేళ్ళు లెక్కపెట్టింది, రసం గిన్నె చూపించింది, ఒకసారి కళ్ళు కూడా తుడుచుకుంది. వత్తి ఆరేదాకా తిట్టింది. నాకు ఒక్క మాట వినపడలేదు. ఊరంతా పొట్ట పట్టుకొని నవ్వుతుంటే నేను పీట మీద అమ్మవారిలా కూర్చున్నాను. నా వంతు వచ్చినప్పుడు, ‘ఇది మంచి పిల్ల, రసం తప్ప’ అని ఊరుకున్నాను. బస్సులో వస్తూ ఏం తిట్టావని అడిగితే, కాగితం మీద రాసి ఇస్తానంది. దాని దస్తూరిలో రాస్తే నేను బతికిపోయినట్టే.

సంగటి కుప్ప పోశారు. అందరూ చుట్టూ కూర్చున్నారు. మొదలుపెట్టమని నేను చెప్పాలి. అప్పుడు దొరస్వామి నా ముందుకు వచ్చి, నాకు అర్థం కావాలని పెదాలు నిదానంగా కదిలిస్తూ అడిగాడు. “ఇంకేమన్నా మిగిలిపోయినాదా అమ్మా?”

ఏమీ మిగల్లేదు. నీకు రాసి పంపినవన్నీ అయిపోయాయి. కానీ ఆయన నిలబడ్డ తీరు అచ్చం వాళ్ళ నాయన లాగే ఉంది. పని రోజుల్లో మన వాడవాళ్ళు వాళ్ళ ఇంటి ముందు దాహమంటే, ఆ నాయన గుమ్మంలో నిలబడి ఎత్తు నుంచి పోసేవాడు. మేము కింద కూర్చొని దోసిలి పట్టేవాళ్ళం. సగం నీళ్ళు మోచేతుల మీదుగా కారిపోయేవి. చాలకపోయినా చాలనేవాళ్ళం.

“ఉండాదప్పా. ఊరి పెద్ద అందరి చేతులూ కడిగించల్ల” అన్నాను.

అది నేను అప్పటికప్పుడు కల్పించిందేనని ఆయనకు తెలిసింది. నా ముఖంలోకి చూశాడు. నేనూ చూశాను. పక్కనున్నవాళ్ళు ఏమన్నారో నాకు వినపడలేదు, చెవిటితనంలో ఉండే సుఖం అదొకటి. ఆయన తువ్వాలు నడుముకు చుట్టుకొని చెంబు అందుకున్నాడు.

ఒక్కొక్కరి ముందూ వంగి పోసుకుంటూ వచ్చాడు. ఊరివాళ్ళకు పోశాడు, వాడవాళ్ళకు పోశాడు, కార్లలో వచ్చినవాళ్ళకు పోశాడు. మధ్యమధ్య నడుం మీద చెయ్యి వేసుకొని నిలబడ్డాడు గాని, చెంబు ఇంకొకరికి ఇవ్వలేదు. మనవరాలు బకెట్టు పట్టుకొని వెంట నడిచింది. చివర నా దగ్గరికి వచ్చేసరికి చెంబు ఖాళీ, బకెట్టూ ఖాళీ.

ఆయన నా ముందు వంగి చెంబు వంచితే రెండు చుక్కలు పడ్డాయి. ఫరవాలేదు అనబోయాను. నోటి దాకా వచ్చింది ఆ మాట, పాత అలవాటు. మింగేశాను. ఆయన లేచి, చెంబు తీసుకొని, కొళాయి దాకా తనే నడిచి పోయాడు. కొళాయి బడి దగ్గర ఉంది, కాస్త దూరమే. ఆయన తిరిగి వచ్చేదాకా నూటయాభై మంది సంగటి ముందు కూర్చొని ఎదురుచూశారు. నేను చేతులు చాచుకొని పీట మీద కూర్చున్నాను. నాకేమీ తొందర లేదు.

నీ అత్త,
నంజమ్మ